చికిత్స ముగిశాక పీఎస్‌ఏ: నెక్కొండ దాకా వచ్చిన ఒక రక్తపరీక్ష చరిత్ర

ప్రోస్టేట్ మగవారిలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. వీర్యంలో కలిసే ద్రవం కొంత ఇక్కడే ఊరుతుంది. ఆ ద్రవంలో పీఎస్‌ఏ అనే ప్రొటీన్ ఉంటుంది. చిక్కబడిన వీర్యాన్ని పలుచన చేయడం దాని పని. అందులో అతి కొద్ది భాగం రక్తంలోకి చేరుతుంది. దాన్ని మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని లెక్కగడతారు. గ్రాములో వంద కోట్లవ వంతు ఒక నానోగ్రాము. గ్రంథిలో క్యాన్సర్ పుడితే రక్తంలో పీఎస్‌ఏ పెరుగుతుంది. వయసుతో గ్రంథి ఉబ్బినా, అక్కడ ఇన్ఫెక్షన్ వచ్చినా కూడా పెరుగుతుంది. అందువల్ల జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. ఆ విషయంలో వైద్యుల మధ్య వాదన ఇంకా తెగలేదు. చికిత్స అయ్యాక మాత్రం ఈ అంకె విలువను కాదనేవారు లేరు. దాన్ని ఎలా చదవాలన్నదే ప్రశ్న. ఏ చికిత్స పొందిన మనిషి అంకెను ఏ కొలతతో చూడాలో తేలడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

పీఎస్‌ఏ కన్నా ముందు ఆ స్థానంలో మరో పరీక్ష ఉండేది. ప్రోస్టేట్ గ్రంథిలో యాసిడ్ ఫాస్ఫేటేజ్ అనే ఎంజైము విపరీతంగా ఉంటుందని 1930ల మధ్యలో తెలిసింది. క్యాన్సర్ ఎముకలకు పాకిన రోగుల రక్తంలో ఆ ఎంజైము బాగా పెరుగుతుందని న్యూయార్క్‌లో అలెగ్జాండర్ గట్‌మన్, ఎథెల్ గట్‌మన్ దంపతులు 1938లో చూపించారు. ఒక రక్తపరీక్షతో ఫలానా క్యాన్సర్ ఉనికిని పసిగట్టడం అప్పటికి చాలా కొత్త సంగతి. ఎంజైమును నేరుగా తూచలేరు కాబట్టి అది చేసే పనిని కొలిచేవారు. ఫాస్ఫేట్ ఉన్న పదార్థాన్ని రక్తరసంతో కలిపి కొంతసేపు ఉంచి, ఎంత ఫాస్ఫేట్ విడిపోయిందో, లేదా దానితో పాటు ఎంత ఫినాల్ విడిపోయిందో రంగు గాఢతను బట్టి తేల్చేవారు. ఫాస్ఫరస్‌ను అలా రంగుతో కొలిచే పద్ధతుల్లో ప్రపంచమంతా వాడినది ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో దాన్ని ప్రచురించారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఉద్దేశించి చేసిన పని కాదది. అయినా ఫాస్ఫేటేజ్ ఎంజైముల పనిని లెక్కగట్టే ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు ఆ పేరు వినబడుతూనే ఉంది. ఇంత విస్తారంగా వాడిన పద్ధతికి తెలుగువారి పేరు ఉందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పవలసింది.

1941లో షికాగో శస్త్రవైద్యుడు ఛార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి ఈ అంకెకు కొత్త పని అప్పగించాడు. ఎముకలకు క్యాన్సర్ పాకిన రోగులకు వృషణాలు తీసేసినా, స్త్రీ హార్మోను ఇచ్చినా యాసిడ్ ఫాస్ఫేటేజ్ పడిపోయింది, నొప్పులు తగ్గాయి. మగ హార్మోను అయిన టెస్టోస్టిరాన్‌ను తిరిగి ఇస్తే అంకె పైకి లేచింది. చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది రక్తంలోని ఒక అంకె చెప్పగలదని ఆ ప్రయోగం రుజువు చేసింది. ఈ పరిశోధనకే హగిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. చికిత్స తర్వాతి పరీక్షల చరిత్ర నిజానికి అక్కడ మొదలైంది.

ఆ కాలంలో నెక్కొండ మనిషికి ఈ వైద్యం అందడం మాట అటుంచి, జబ్బు పేరు తెలియడమే కష్టం. నిజాం రైలుమార్గం 1889లో బెజవాడ చేరింది. వరంగల్, కేసముద్రం స్టేషన్ల మధ్యనున్న నెక్కొండ ఆ దారిలోనిదే. కాబట్టి పట్నానికి దారి ఉంది. పట్నంలో క్యాన్సర్‌కంటూ ప్రత్యేకమైన ఆసుపత్రి మాత్రం 1955 దాకా లేదు. ఆ ఏడాది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. హైదరాబాద్ ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసి, ఆ తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నర్ అయిన మెహదీ నవాజ్ జంగ్ పేరుతోనే దాన్ని నేటికీ ఎంఎన్‌జే అంటున్నారు. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో వచ్చింది. దానికి అనుబంధమైన ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ పెద్దాసుపత్రి అయింది. అప్పట్లో ఎక్కువమంది రోగులు జబ్బు ముదిరాకే వచ్చేవారు. నడుము పట్టేసిందని, కాళ్లలో సత్తువ పోయిందని, మూత్రం ఆగిపోయిందని వస్తే అప్పుడు బయటపడేది. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్, స్త్రీ హార్మోనులా పనిచేసే స్టిల్‌బెస్ట్రాల్ బిళ్లలు, నొప్పి తగ్గే మందులు, ఇవే చికిత్స. ఆ తర్వాత జబ్బు మళ్లీ లేచిందని చెప్పేది చాలావరకు నొప్పే. యాసిడ్ ఫాస్ఫేటేజ్‌కు పెద్ద లోపం ఒకటుండేది: క్యాన్సర్ గ్రంథి దాటకముందు అది పెరగకపోవచ్చు. అంటే అంకె లేచేసరికి ఆలస్యమైపోయేది.

పీఎస్‌ఏను కనుగొన్నవారు ఒక్కరు కాదు. జపాన్‌లో మిత్సువో హారా వీర్యంలోని ఒక ప్రొటీన్‌ను నేరపరిశోధనకు పనికొస్తుందని వెతికి పట్టుకున్నాడు. రిచర్డ్ ఆబ్లిన్ 1970లో ప్రోస్టేట్ కణజాలంలోని ప్రత్యేక ప్రొటీన్ల గురించి రాశాడు. 1979లో అమెరికాలోని బఫెలో నగరంలో రోజ్‌వెల్ పార్క్ సంస్థలో మింగ్ చు బృందం పీఎస్‌ఏను శుద్ధరూపంలో వేరుచేసింది. మరుసటి ఏడాదే రోగుల రక్తంలో దాన్ని చూపింది. ఇంత సూక్ష్మమైన మొత్తాన్ని కొలవగలగడం వెనుక ఇంకో రెండు ఆవిష్కరణలున్నాయి. ప్రతిరక్షకాల సాయంతో రక్తంలోని లేశమాత్రపు పదార్థాలను కొలిచే పద్ధతికి రోసలిన్ యాలో 1977లో నోబెల్ అందుకుంది. ఒకే అచ్చు ప్రతిరక్షకాలను కావలసినంత తయారుచేసే పద్ధతిని కోలర్, మిల్‌స్టీన్ 1975లో కనిపెట్టారు. ఈ రెండూ కలిసి, ఎంజైము చేసే పనిని కాక ప్రొటీన్‌నే లెక్కపెట్టే పరీక్ష వచ్చింది.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పీఎస్‌ఏ పరీక్షకు 1986లో అనుమతి ఇచ్చింది. అప్పటికే క్యాన్సర్ ఉందని తేలినవారిని కనిపెట్టుకుని ఉండటానికే ఆ అనుమతి. క్యాన్సర్ వెతకడంలో సాయంగా వాడవచ్చని అదే సంస్థ చెప్పింది 1994లో. ఈ వరుస చాలామందికి తెలియదు. పీఎస్‌ఏ పేరు చెబితే మొదట గుర్తొచ్చేది ఆరోగ్యవంతులకు చేసే పరీక్షే. దాని తొలి బాధ్యత మాత్రం చికిత్స అయిన రోగి పట్లనే.

ఆ బాధ్యతను అది అన్నిటికన్నా స్పష్టంగా నెరవేర్చేది ఆపరేషన్ తర్వాత. స్టాన్‌ఫర్డ్‌లో థామస్ స్టేమీ బృందం 1987లో ప్రచురించిన పరిశోధన దీనికి పునాది వేసింది. గ్రంథిని పూర్తిగా తీసేశాక రక్తంలో మిగిలిన పీఎస్‌ఏ రెండు మూడు రోజులకోసారి సగానికి పడిపోతుంది. ఆపరేషన్ రోజున 16 ఉన్న మనిషిలో మూడు రోజుల లెక్కన చూసినా నెల తిరిగేసరికి 0.02 దగ్గరికి చేరాలి. పీఎస్‌ఏను తయారుచేసే గ్రంథే లేదు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల నాటికి పరీక్షకు అందనంత తక్కువకు రావాలి. రిపోర్టులో అది ‘0.01 కన్నా తక్కువ’ అనో ‘0.1 కన్నా తక్కువ’ అనో ఉంటుంది. ఆ పరికరం ఎంత సూక్ష్మంగా కొలవగలదన్నదే అక్కడి తేడా. మొదటి పరీక్షలోనే అంకె అలా పడిపోకపోతే, ఎక్కడో ప్రోస్టేట్ కణాలు మిగిలాయని అర్థం.

పడిపోయిన అంకె కొన్నేళ్ల తర్వాత మళ్లీ లేస్తే? అమెరికా యూరాలజీ సంఘం 2007లో పెట్టిన హద్దు ప్రకారం పీఎస్‌ఏ 0.2 లేదా అంతకు మించి ఉండి, రెండోసారి చేసిన పరీక్షలోనూ అదే తేలితే జబ్బు తిరిగి వచ్చినట్టు లెక్క. రెండోసారి అన్నదే ఇక్కడ ముఖ్యం. 0.01, 0.03, 0.02 అంటూ పైకీ కిందికీ కదలడం చాలాసార్లు పరికరం తడబాటు మాత్రమే. వరుసగా 0.04, 0.09, 0.16 అంటూ పైకే పోతుంటే 0.2 చేరకముందే డాక్టరు దృష్టికి తీసుకెళ్లాలి. గ్రంథి ఉన్న చోట రేడియేషన్ ఇచ్చి జబ్బును మళ్లీ నయం చేసే అవకాశం పీఎస్‌ఏ 0.5 దాటకముందే ఎక్కువ.

అయితే అంకె లేచినంత మాత్రాన ప్రాణం మీదికి వచ్చినట్టు కాదు. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న 1,997 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. వారిలో 315 మందికి పీఎస్‌ఏ మళ్లీ పెరిగింది. అలా పెరిగిన నాటినుంచి జబ్బు ఎముకల్లాంటి చోట్ల కనబడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 8 ఏళ్లు. అక్కడినుంచి మరణానికి మరో 5 ఏళ్లు. పీఎస్‌ఏ రిపోర్టు చూడగానే ఇంటిల్లిపాదీ బెంగపడిపోయే సందర్భంలో ముందుగా చెప్పవలసిన సంగతి ఇదే. ఏ ఒక్కరి విషయంలోనూ ఇది హామీ కాదు. నిదానంగా ఆలోచించి చికిత్స ఎంచుకునే వ్యవధి చాలామందికి ఉంటుందన్నది మాత్రం నిజం.

ఆపరేషన్ పద్ధతి మారడంలో తెలుగువారి చేయి కూడా ఉంది. అమెరికాలో వ్యాపారవేత్తగా స్థిరపడిన రాజ్ వట్టికూటి ఇచ్చిన విరాళంతో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో వట్టికూటి యూరాలజీ సంస్థ ఏర్పడింది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో మణి మీనన్ అక్కడే రోబో సాయంతో ప్రోస్టేట్ తీసే పద్ధతిని తీర్చిదిద్దారు. వట్టికూటి ఫౌండేషన్ తర్వాత భారతదేశంలోనూ రోబో శస్త్రచికిత్సల శిక్షణకు తోడ్పడింది. కోత చిన్నదైనా పెద్దదైనా, గ్రంథి పూర్తిగా పోయినప్పుడు పీఎస్‌ఏ చదివే కొలత మాత్రం ఒకటే.

రేడియేషన్ తర్వాత ఆ కొలత పనికిరాదు. పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అనే ఈ చికిత్సలో గ్రంథి ఒంట్లోనే ఉంటుంది. క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చావవు. విభజన చెందబోయినప్పుడల్లా కొన్ని చొప్పున నశిస్తాయి. అందుకే పీఎస్‌ఏ నెమ్మదిగా, ఏడాదిన్నర రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం దిగుతూ పోతుంది. పూర్తిగా సున్నాకు రానక్కర్లేదు, ఆరోగ్యంగా మిగిలిన కణాలు కొద్దిగా పీఎస్‌ఏ తయారుచేస్తూనే ఉంటాయి. అది చేరుకున్న అట్టడుగు అంకెయే ఆ మనిషికి ఇకపై ప్రమాణం.

ఈ ప్రమాణం మీద వైద్యులు రెండుసార్లు తీర్మానం చేయవలసి వచ్చింది. 1997లో వెలువడిన మొదటి నియమం ప్రకారం అట్టడుగు తర్వాత పీఎస్‌ఏ వరుసగా మూడుసార్లు పెరిగితే జబ్బు తిరిగొచ్చినట్టు. ఎంత పెరిగిందన్నదానితో పని లేదు. దాంతో అనవసరంగా భయపడినవారు చాలామంది. ఎందుకంటే రేడియేషన్ అయిన ఏడాది నుంచి మూడేళ్ల లోపు కొందరిలో, మరీ ముఖ్యంగా గ్రంథిలోకే రేడియో ధార్మిక గింజలు చొప్పించిన వారిలో, పీఎస్‌ఏ కొంతకాలం లేచి తనంత తానే మళ్లీ పడిపోతుంది. 2005లో ఫీనిక్స్‌లో సమావేశమైన నిపుణులు నియమాన్ని మార్చారు: అట్టడుగు అంకె మీద 2 పెరిగితేనే తిరిగి వచ్చినట్టు లెక్క. ఒక మనిషికి అట్టడుగు 0.6 అయితే హద్దు 2.6. అదే మనిషికి 1.4 వచ్చిందని వెంటనే కొత్త చికిత్స మొదలుపెట్టరు, కొన్ని నెలలాగి మళ్లీ చూస్తారు. ఆపరేషన్ చేయించుకున్న పొరుగింటాయనకు అదే 1.4 వస్తే ఆలస్యం చేయకూడదు. ఒకే ఊళ్లో ఇద్దరు తమ రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే పొరపాటు జరిగేది ఇక్కడే.

హార్మోను చికిత్స మూడో దారి. హగిన్స్ చూపిన పద్ధతే ఇది. వృషణాలు తీసే ఆపరేషన్‌కు బదులు ఇప్పుడు ఎక్కువమందికి నెలకో, మూడు నెలలకో ఒక సూది వేస్తారు. ఆ మందుల మూలం, మెదడు నుంచి వెలువడే ఒక హార్మోను నిర్మాణాన్ని ఆండ్రూ షాలీ బృందం 1971లో విప్పిచెప్పడంలో ఉంది. 1977లో యాలోతో పాటు నోబెల్ పంచుకున్నవారిలో ఆయన ఒకరు. ఒక్కసారితో అయిపోతుందని, ఖర్చు తక్కువని ఆపరేషన్‌నే ఎంచుకునే కుటుంబాలు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఫలితంలో అది సూదికి తీసిపోయేది కాదు. హార్మోను చికిత్సలో పీఎస్‌ఏ వేగంగా పడిపోతుంది. ఎంత దాకా పడిందన్నది భవిష్యత్తును చెబుతుంది. జబ్బు పాకిన రోగుల మీద అమెరికాలో జరిగి 2006లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడు నెలల చికిత్స తర్వాత 0.2 లోపుకు వచ్చినవారు ఆ తర్వాత మధ్యస్థంగా 75 నెలలు జీవించారు. 0.2కు 4కు మధ్య ఆగినవారు 44 నెలలు, 4 దాటి మిగిలినవారు 13 నెలలు. అబిరటెరాన్ వంటి మందులు రాకముందు లెక్కలివి, నేటి రోగులకు ఆశ ఇంతకన్నా ఎక్కువ.

హార్మోను చికిత్సలో ఉన్నవారి అంకె మళ్లీ లేస్తే పీఎస్‌ఏ ఒక్కటి చూస్తే చాలదు, టెస్టోస్టిరాన్ కూడా కొలవాలి. అది డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపే ఉండి కూడా పీఎస్‌ఏ పెరుగుతుంటే క్యాన్సర్ ఆ చికిత్సకు లొంగడం మానేసిందని అర్థం. టెస్టోస్టిరానే పెరిగి ఉంటే సూది వేళకు పడలేదేమో ముందు చూస్తారు. పత్తి ఏరే రోజుల్లోనో, మిర్చి కల్లాల మీద ఉన్నప్పుడో మూడు నెలల సూది కాస్తా నాలుగో నెలకు జారిపోవడం వ్యవసాయ కుటుంబాల్లో వింత కాదు.

చికిత్స ఖర్చు సంగతిలో తెలుగునాట పెద్ద మలుపు 2007. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వెనుకబడిన జిల్లాలతో ఆరోగ్యశ్రీ మొదలై, తర్వాత రాష్ట్రమంతా వ్యాపించింది. అంతకు ఏడేళ్ల ముందు, 2000లో, హైదరాబాద్‌లో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచింది. నెక్కొండ నుంచి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి ఆపరేషన్ చేయించుకుని రావడం ఇప్పుడు ఊహకందని సంగతి కాదు. ఆ తర్వాత ఐదేళ్లు, పదేళ్లు సాగే పరీక్షలు మాత్రం అంత క్రమంగా సాగవు. ప్రతిసారీ హైదరాబాద్ పోలేక ఒకసారి నర్సంపేటలో, ఒకసారి వరంగల్‌లో, మరోసారి ఊళ్లోనే రక్తం ఇస్తారు. దగ్గరలో రక్తం ఇవ్వడంలో తప్పేమీ లేదు. చదవడంలోనే చిక్కులున్నాయి.

రిపోర్టు కాగితంలో అంకె పక్కన ‘0 నుంచి 4’ అని సాధారణ పరిమితి అచ్చువేసి ఉంటుంది. 1980ల్లో ఆరోగ్యంగా ఉన్న మగవారిని పరీక్షించి తేల్చిన హద్దు అది. పరిమితి దాటితేనే కంప్యూటర్ ఆ అంకెను నల్లగా, దిట్టంగా అచ్చు వేస్తుంది. గ్రంథి తీసేసిన మనిషికి 1.8 వచ్చినా మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. నాలుగు లోపే ఉంది కదా, అంతా బాగానే ఉందని ఇంట్లోవారూ, ఒక్కోసారి ఊళ్లో వైద్యం చేసేవారూ అనుకుంటారు. నిజానికి ఆ మనిషికి 0.2 దగ్గరే ఆగి చూడవలసింది. చికిత్స పొందినవారికి ఆ కాగితం మీది ‘సాధారణ పరిమితి’ వర్తించదు. ఈ ఒక్క విషయం తెలియక పోగొట్టుకునే నెలలు చాలా విలువైనవి. రక్తం ఇచ్చేటప్పుడు పరీక్ష చీటీ మీద ‘ప్రోస్టేట్ తీసేశారు’ అనో ‘రేడియేషన్ అయింది’ అనో రాయించడం ఎంతో మేలు.

ల్యాబు మారితే అంకె కూడా కొంత మారుతుంది. పీఎస్‌ఏ పరికరాల్లో రెండు రకాల ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి మొదటి అమెరికన్ కిట్‌ను అనుసరించేది, మరొకటి ప్రపంచ ఆరోగ్య సంస్థది. ఒకే రక్తానికి ఈ రెండింటి మధ్య దాదాపు 20 శాతం తేడా రావచ్చు. అందుకని వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించుకోవడం, మారవలసి వస్తే ఒకసారి రెండు చోట్లా చేయించి పోల్చుకోవడం మంచిది. గ్రంథి ఉన్నవారిలో మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆ మధ్యే గొట్టం వేసి ఉండటం, ముందు రెండు రోజుల్లో వీర్యస్ఖలనం అంకెను పెంచుతాయి. మూత్రం సాఫీగా రావడానికి వాడే ఫినస్టిరైడ్, డ్యూటస్టిరైడ్ బిళ్లలు దాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి. జుట్టుకు, గోళ్లకు మంచిదని వాడే బయోటిన్ పెద్ద మోతాదులో తీసుకుంటే కొన్ని పరికరాల్లో అసలుకన్నా తక్కువ అంకె చూపుతుంది.

వీటన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అంకె నడక. పీఎస్‌ఏ రెట్టింపు కావడానికి ఎంతకాలం పట్టిందో వైద్యులు లెక్కగడతారు. ఆపరేషన్ తర్వాత 0.2 నుంచి 0.4కు చేరడానికి ఒకరికి మూడు నెలలు పడితే, మరొకరికి ఏడాదిన్నర పట్టవచ్చు. మొదటి వ్యక్తిలో జబ్బు వేగంగా పెరుగుతోందని, వేరే అవయవాలకు పాకే ప్రమాదం ఎక్కువని లెక్క. రెండో వ్యక్తి వయసు మీరినవాడైతే, వేరే జబ్బులు కూడా ఉంటే, వెంటనే ఏ చికిత్సా అక్కర్లేకపోవచ్చు. ఈ లెక్క కట్టాలంటే పాత అంకెలన్నీ తేదీలతో సహా కావాలి. ఆపరేషన్ ఒకచోట, పరీక్షలు ఇంకోచోట, సూదులు మరోచోట అయ్యే నెక్కొండ వంటి ఊళ్లలో ఆ వరుస ఏ ఆసుపత్రి కంప్యూటర్‌లోనూ పూర్తిగా ఉండదు. రోగి చేతిలోని ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది. ఒక నోటు పుస్తకంలో తేదీ, పీఎస్‌ఏ, ల్యాబు పేరు, ఆ నెలలో వేసిన సూది లేదా మారిన మందు వరుసగా రాసుకున్న కుటుంబం డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ పది నిమిషాలూ వృథా పోవు.

అంకె పెరిగిందని చెప్పగల పీఎస్‌ఏ, జబ్బు ఎక్కడ ఉందో చెప్పలేదు. ఎముకల స్కాన్, సీటీ స్కాన్ కూడా తక్కువ అంకెల దగ్గర ఏమీ చూపవు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద ఎక్కువగా ఉండే పీఎస్‌ఎంఏ అనే మరో ప్రొటీన్‌కు రేడియో ధార్మిక గుర్తు అతికించి తీసే పెట్ స్కాన్ ఈ కొరతను కొంత తీర్చింది. దీనికి అమెరికాలో 2020 డిసెంబరులో అనుమతి వచ్చింది. హైదరాబాద్‌లోనూ ఇప్పుడీ స్కాన్ చేస్తున్నారు. పీఎస్‌ఏ పెరిగేకొద్దీ ఇది జబ్బును పట్టుకునే అవకాశం పెరుగుతుంది. 0.2 దగ్గర చాలామందిలో స్కాన్ ఖాళీగానే వస్తుంది. స్కాన్‌లో ఏమీ కనబడలేదంటే జబ్బు లేదని కాదు, కనబడేంత పెరగలేదని. ఆపరేషన్ అయినవారిలో అంకె నిలకడగా లేస్తున్నప్పుడు స్కాన్‌లో ఏదో కనబడేదాకా ఎదురుచూడకుండా రేడియేషన్ మొదలుపెట్టడం అందుకే.